నైరుతి మూల తలుపు

"మీ అమ్మాయి సినిమా తీసుకుని పారిపోయిందండీ. ఇది నేనంటున్న మాట కాదు, కెమెరా చెప్తున్న మాట," అన్నాడు సాయిశ్రీనివాస్.

అమ్మాజీ ఒళ్ళో పెట్టుకున్న సంచీని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆమె మా పై వాటాలో ఉంటుంది. కాస్ట్యూమ్ డిపార్ట్‌మెంటులో సగం జీవితం కుట్టుమిషను మీద గడిపిన మనిషి. పొద్దున్న మా తలుపు కొట్టి, "అక్కా, భావన ఫోను ఎత్తట్లేదు, వీళ్ళేమో దొంగంటున్నారు" అని ఒక్క ముక్క చెప్పింది. వంట సగంలో ఆపి బయల్దేరాను.

నా పేరు రాజ్యలక్ష్మి. పోలీసు ఉద్యోగం చాలించుకుని ఫిల్మ్ నగర్‌లో డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు కట్టుకున్నాను. నాకొచ్చే కేసులేమీ గొప్పవి కావు. పెళ్ళికొడుకుల గుట్టు, హీరోల డ్రైవర్ల మీద అనుమానాలు, అంతే. సాయిశ్రీనివాస్ ఒకప్పుడు నా కింద ఎస్సైగా చేశాడు. ఇప్పుడు సగం జూబ్లీ హిల్స్‌కి సెక్యూరిటీ వాడిదే. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు గానీ, ఆ లేవడంలో గౌరవం కన్నా ఎగతాళే ఎక్కువ కనపడింది.

మేమున్నది జూబ్లీ హిల్స్‌లో, నిర్మాత ఆదినారాయణ గారి ఆఫీసులో. గోడ మీది టీవీలో విశాఖపట్నం. అదైనా బొమ్మ తెగి తెగి వస్తోంది. సాయంత్రం చీకటి పడేలోపు తుఫాను భీమిలి దగ్గర తీరం దాటుతుందని పొద్దుటినుంచీ అదే పాట. సెల్ టవర్లు పడిపోయాయి, విమానాలు రద్దు, రైళ్ళు ఎక్కడివక్కడ ఆగాయి. ఇక్కడ కిటికీ బయట చూస్తే మాడు పగిలే ఎండ.

ఆదినారాయణ గారికి విశాఖ బీచి పక్కన ఇలాంటిదే ఇంకో బిల్డింగు ఉంది. గ్రాఫిక్స్ పనంతా అక్కడే జరుగుతుంది. రెండేళ్ళుగా తీస్తున్న సినిమా తాలూకు డిస్కులు అక్కడి సెల్లార్‌లో, స్టీలు తలుపున్న గదిలో ఉంటాయి. ఆ గది బాధ్యత భావనది. పొద్దున్న తొమ్మిదికల్లా బిల్డింగు ఖాళీ చేయించారు. అందరూ బయటికొచ్చారు, భావన తప్ప.

"ఆవిడ అందరికన్నా ముందే వెళ్ళిపోయింది మేడమ్. చూడండి," అని సాయిశ్రీనివాస్ లాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

లాబీలో భావన. మెడలో ఐడీ కార్డు, చేతిలో డిస్కుల నల్ల పెట్టె. గబగబా నడిచి, అద్దాల తలుపు పొడవాటి స్టీలు హ్యాండిల్ పట్టుకుని లాగి, బయటికి వెళ్ళిపోయింది. తెర మూలన టైము ఎనిమిదిన్నర.

అమ్మాజీ ముందుకి వంగింది. కూతురు నడుస్తున్నంతసేపూ రెప్ప వెయ్యలేదు.

భావన చివరిసారి ఎప్పుడు మాట్లాడిందని అమ్మాజీని అడిగాను. తొమ్మిదికి కాస్త ముందు చేసిందట. కిందికి వెళ్తున్నాను, అక్కడ సిగ్నల్ ఉండదు, ఫోను కలవకపోతే కంగారు పడకు అందట. ఎనిమిదిన్నరకే బయటపడ్డ పిల్ల తొమ్మిదికి కిందికెక్కడికి వెళ్తుందని సాయిశ్రీనివాస్‌ని అడిగాను. దొంగలు తల్లులకి నిజం చెప్పి వెళ్తారా అని నవ్వాడు. ఈ క్లిప్పు ఇంకెవరికి చూపించావన్నాను. విశాఖ పోలీసులకి పంపాడట. లోపల చిక్కుకున్నవాళ్ళ జాబితాలోంచి వాళ్ళు ఆమె పేరు కొట్టేశారట. "అనవసరంగా రెస్క్యూ వాళ్ళని తిప్పడం ఎందుకు మేడమ్?"

క్లిప్పు అబద్ధమైతే, ఆ పిల్ల కోసం ఈ భూమ్మీద వెతికేవాళ్ళెవరూ లేరన్నమాట.

మళ్ళీ వెయ్యమన్నాను. రెండోసారి నేను భావనని చూడలేదు, చుట్టూ చూశాను. నేల, తలుపు, హ్యాండిల్. మూడోసారి హ్యాండిల్ దగ్గర ఆపమన్నాను. నేను పుట్టింది భీమిలిలో. మా ఇంట్లో సైకిలు రిమ్ములు, కిటికీ బోల్టులు, చివరికి తాళంచెవులు కూడా తుప్పు పట్టేవి. ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదు. స్టీలన్నా సరే, రెండు వానాకాలాలు తిరిగేసరికి మచ్చలు పడుతుంది. ఈ హ్యాండిల్ మాత్రం పెళ్ళిలో కొత్త బిందెలా ధగధగలాడుతోంది.

"అమ్మాజీ, భావన బట్టల మీద తుప్పు మరకలుండేవా?"

"ఉండకేం అక్కా. ఆ దిక్కుమాలిన తలుపు పట్టుకున్నప్పుడల్లా చేతికంటుకుని చున్నీకి అయ్యేవంట. ఇంటికొచ్చినప్పుడల్లా నిమ్మకాయ రుద్దీ రుద్దీ నా వేళ్ళు పోయాయి."

కుర్చీలోంచి లేచి కిందికి దిగాను. జూబ్లీ హిల్స్ ఆఫీసు లాబీ. అదే అద్దాల తలుపు, అదే పొడవు హ్యాండిల్. నా ముఖం అందులో కనపడేంత మెరుపు. పైకొచ్చి, విశాఖ లాబీ పోయిన వారం ఎలా ఉందో చూపించమన్నాను. సర్వర్ డౌన్ అన్నాడు. నేను చూపించే వరకూ కదలనన్నాను. ఆదినారాయణ గారు అప్పటిదాకా మాట్లాడలేదు, ఇప్పుడు మాత్రం "చూపించవయ్యా" అన్నారు. చూపించాడు. అక్కడి హ్యాండిల్‌కి కాపలావాళ్ళు పాత తువ్వాలు చుట్టి తాడుతో కట్టారు, చేతులకి తుప్పు అంటకుండా.

"ఇప్పుడు చెప్పు శ్రీనివాస్. ఆ పిల్ల ఈ ఊరొచ్చి, ఈ లాబీలోంచి పెట్టె తీసుకెళ్ళింది ఎప్పుడు?"

వాడు నీళ్ళు తాగాడు. నేను పోలీసుని కానని, నాకు జవాబు చెప్పాల్సిన పని లేదని గొణిగాడు. అది నిజమే. నాకు లాఠీ లేదు, స్టేషను లేదు. కానీ వాడు ఎస్సైగా ఉన్నప్పుడు అబద్ధం చెప్పేముందు ఎడమ చేత్తో వాచీ తిప్పుకునేవాడు. ఇప్పుడూ అదే పని చేస్తున్నాడు. "రెండు వారాల కింద వచ్చింది," అని ఆదినారాయణ గారే చెప్పారు. "ట్రైలర్ డిస్కులు తెచ్చి, చూపించి, మళ్ళీ పట్టుకెళ్ళిందండీ. ఆ టైము మార్చి నాకు కూడా చూపించాడా వీడు?"

ఆ తర్వాత ఆయన ముఖం చూడలేకపోయాను. ఆయన కాకినాడ మనిషి, మాటకారి. అలాంటివాడు మాటలు కూడదీసుకోవలసి వచ్చింది. పొద్దున్న ఎనిమిదిన్నర దాటాక భావనకి ఫోను చేసింది ఆయనేనట. అమ్మా, నీళ్ళొస్తాయంటున్నారు, నా సినిమా కిందుంది, డిస్కులు పై అంతస్తుకి చేర్చమ్మా అని బతిమాలారట. ఆ పిల్ల సరేనండీ అందట. తర్వాత దొంగ అని క్లిప్పు చూపిస్తే, తన మాట విని కిందికి దిగిందన్న సంగతే నోటికి రాలేదట, సిగ్గేసి.

"అయితే లోపలే ఉంది," అంది అమ్మాజీ. గొంతులో ఏడుపు లేదు. "తలుపు తియ్యండి."

తలుపు తియ్యడం ఎవరి వల్లా కాదు. ఆ సంగతి సాయిశ్రీనివాస్ నోటినుంచి రాబట్టడానికి నేను బల్ల మీద చెయ్యి చరచాల్సొచ్చింది. నిరుడు తుఫానప్పుడు బిల్డింగు ఖాళీ చేయిస్తే, ఒకడు లోపలే నక్కి అక్కడ గ్రాఫిక్స్‌కి ఇచ్చిన ఇంకో నిర్మాత సినిమా కాపీ కొట్టి బయట పెట్టాడు. అప్పటినుంచి వీడు స్టార్మ్ లాక్ అని ఒకటి కనిపెట్టాడు. తుఫాను వస్తే జూబ్లీ హిల్స్‌నుంచి మీట నొక్కుతారు, సెల్లార్ తలుపు బిగుసుకుపోతుంది. లోపలివైపు బటన్ పనిచెయ్యదు. ఇక్కడినుంచి తిరిగి తియ్యడానికి కూడా లేదు, హ్యాకర్లు తీస్తారని. తాళంచెవి అక్కడి గార్డు సూపర్వైజర్ దగ్గరే ఉంటుంది. ఆ సూపర్వైజర్ ఏ షెల్టర్లో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

"లోపల మనిషి మిగిలిపోతే?" అన్నాను.

"లోపల మిగిలినవాడు దొంగే అయ్యుంటాడని మా లెక్క మేడమ్."

"సముద్రానికి ఆ లెక్క తెలుసా?"

దొంగలకి భయపడి కట్టిన గదిలో నీళ్ళ గురించి వాడొక్కసారీ ఆలోచించలేదు. ఇంత పెద్ద కంపెనీలో ఒక్కరూ ఆలోచించలేదు.

ఆ సెల్లార్ ఎలా ఉంటుందో చూడాలన్నాను. విశాఖ వెళ్ళడానికి దారి లేదు. "అక్కడిది చూడాలంటే ఇక్కడిది చూస్తే చాలండీ, అంగుళం తేడా లేదు," అన్నారు ఆదినారాయణ గారు. ఈ బిల్డింగు కట్టాక తీసిన సినిమాలు వరసగా ఆడాయట. అందుకని అదే ప్లాను, అదే కొలతలు, తలుపులు, మెట్లు, అద్దాలతో సహా విశాఖలో దింపారు. సినిమావాళ్ళ సెంటిమెంటు నాకు తెలియనిది కాదు. కొబ్బరికాయ పగిలిన తీరు నచ్చక షూటింగు వాయిదా వేసినవాళ్ళని చూశాను. కానీ కొండ మీది సెల్లార్‌ని ఎత్తుకెళ్ళి సముద్రం పక్కన పెట్టినవాళ్ళని అదే మొదటిసారి చూడటం.

కిందికి దిగాం. సగం నేలలోకి, సగం నేల పైకి ఉన్న గది. స్టీలు తలుపు నా అరచేతి వెడల్పు మందం. కిటికీ లేదు. పైన ఏసీ గొట్టం, పిల్లి కూడా దూరలేదు. మూడు వైపులా కాంక్రీటు గోడ. వేలి కణుపుతో కొట్టుకుంటూ తిరిగాను. నైరుతి మూల, బరువైన ర్యాకుల వెనక, దేవుడి క్యాలెండర్ తగిలించిన చోట చప్పుడు మారింది. క్యాలెండర్ తీసి చూశాను. సున్నం కింద చౌకట్టు అంచు తెలుస్తోంది.

"ఇక్కడ తలుపుండేదా?"

ఉండేదట. అగ్గి పుడితే బయటపడటానికి పెట్టిన తలుపు, దాటి నాలుగు మెట్లెక్కితే బయట నేల. ప్లానులో ఇప్పటికీ ఉందట. నైరుతిలో బరువుండాలి గానీ ద్వారం ఉండకూడదని సిద్ధాంతి గారు చెబితే ఇటుకలతో మూసేశారు. మూశాక వచ్చిన సినిమా నూరు రోజులాడింది. "అక్కడా మూయించానండీ," అన్నారాయన తల దించుకుని.

నాకు కోపం రావలసింది. రాలేదు. ఆ క్షణంలో నాకు కనపడింది ఇటుక గోడ మాత్రమే. కాంక్రీటు కాదు, స్టీలు కాదు, ఇటుక. గునపంతో పగిలేది ఈ గదిలో ఇదొక్కటే.

నేను పైకి పరుగెత్తలేదు, ఆ వయసు పోయింది. అయినా ఎలా ఎక్కానో తెలియదు. కంట్రోల్ రూములో శ్రీకృష్ణ అనే ఆపరేటరున్నాడు. టోలిచౌకిలో ఉంటాడు, యాభై దాటినవాడు. విశాఖ కెమెరాలన్నీ నల్లగా ఉన్నాయి. ఒక్క బోర్డు మాత్రం బతికుంది. అక్కడి డాబా మీది డిష్ ద్వారా ఆ లైను వస్తుందని చెప్పాడు. బోర్డు నిండా చిన్న చిన్న దీపాలు. అందులో ఒక దీపం మీద ఎవరో నల్ల టేపు అంటించారు.

"ఏమిటిది?"

శ్రీకృష్ణ సాయిశ్రీనివాస్ వైపు చూశాడు. తర్వాత అమ్మాజీ వైపు చూశాడు. "పొద్దుగాల్నించి మొత్తుకుంటుందమ్మా. లోపలి బటన్ ఎవరో నొక్కుతున్నట్టు. నేను సార్‌కి చెప్పిన. తడికి గిట్లనే పిచ్చి లేస్తది, ఫికర్ చెయ్యకు, టేపు పెట్టు అన్నడు. సౌండు గూడ బంద్ చేయించిండు."

టేపు పీకాను. కింద ఎర్ర దీపం. వెలిగింది, ఆరింది. వెలిగింది, ఆరింది. తడికి పిచ్చెత్తిన దీపం ఇంత ఓపిగ్గా వెలగదు. మధ్యలో కాసేపు ఆగింది, చెయ్యి నొప్పెడితే ఆపినట్టు. మళ్ళీ మొదలైంది.

అమ్మాజీ ఆ దీపం పక్కన వేలు పెట్టింది. దాన్ని తాకలేదు.

సాయిశ్రీనివాస్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. లాక్ వేసిన కాసేపటికే తెలిసిందని, అప్పటికే తియ్యడానికి లేదని, ఏం చెయ్యాలో తోచలేదని, కంపెనీ పరువు పోతుందని భయపడి క్లిప్పు మీద టైము మార్చానని ఏదేదో చెప్పాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. కొడితే తలుపు తెరుచుకోదు గదా అని ఊరుకున్నాను.

ఎర్ర దీపం పక్కన నీలం దీపం ఒకటుంది. అదేమిటని శ్రీకృష్ణని అడిగాను. గది నేల మీదికి నీళ్ళొస్తే వెలుగుతుందట. అది ఇంకా వెలగలేదు. అంటే మెట్ల వైపు నీళ్ళు దిగినా ఆ స్టీలు తలుపు ఇప్పటిదాకా ఆపుతోంది. ఆ నీలం దీపాన్ని చూసి నాకు కొంచెం ఊపిరి ఆడింది.

విశాఖలో అగ్నిమాపక కేంద్రంలో త్రినాథరావని నాకు తెలిసినాయన ఉన్నాడు. పాత కేసొకటి ఇద్దరం కలిసి తవ్వాం. ల్యాండ్‌లైన్ నంబరు తిప్పుతూ కూర్చున్నాను. ఎన్నిసార్లు తిప్పానో లెక్కపెట్టుకోలేదు. ఉన్నట్టుండి కలిసింది. అవతల గాలి హోరు తప్ప ముందు ఏమీ వినపడలేదు.

"ఏటమ్మా, సెప్పండి బేగి," అన్నాడు.

చెప్పాను. బిల్డింగు పేరు చెప్పగానే, అక్కడెవరూ లేరని పోలీసులు రాసిచ్చారన్నాడు. ఉంది, బటన్ నొక్కుతోంది, నా కళ్ళారా చూస్తున్నానన్నాను. బీచి రోడ్డు మునిగిందని, ఒక్క బండి మాత్రం వెళ్ళగలదని, చీకటి పడితే వెనక్కి రమ్మని ఆర్డరుందని చెప్పాడు. "ఒక్క సోటే కొట్టగలం అమ్మా. ఎక్కడ కొట్టాలో సరిగ్గా సెప్పండి."

"నైరుతి మూల. బయటినుంచి నైరుతి మూల, నాలుగు మెట్లు దిగాక. అక్కడొక్కటే ఇటుక గోడ."

"నైరుతి," అని వెనక్కి తిరిగి ఎవరికో అరిచి చెప్పాడు. లైను తెగిపోయింది.

అమ్మాజీ నా భుజం పట్టుకుంది. వెళ్తున్నారు, బండి బయల్దేరింది అన్నాను. ఆ మాట అంటుంటే నాకే ధైర్యం వచ్చింది. శ్రీకృష్ణ ఆమెకి కుర్చీ వేశాడు, కూర్చోలేదు.

ఆదినారాయణ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎంతసేపటినుంచి ఉన్నారో గాని, ముఖం పాలిపోయి ఉంది.

"నైరుతి అని చెప్పారా అండీ?"

"అవును. మీరేగా అన్నారు, అంగుళం తేడా లేదని."

"ప్లాను తేడా లేదండీ," అన్నారాయన. పెదాలు తడుపుకున్నారు. "ఇది ఉత్తరం వైపు చూస్తుంది. అది సముద్రం వైపు తిరిగి ఉంటుందండీ. తూర్పు ముఖం."

నాకు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. కళ్ళు మూసుకుని ఆ బిల్డింగుని మనసులో తిప్పాను. ముఖం ఉత్తరంనుంచి తూర్పుకి తిరిగితే, నైరుతి మూల ఎక్కడికి పోతుంది? వాయవ్యానికి. త్రినాథరావు మనుషులు ఆ నీళ్ళలో ఈదుకుంటూ వెళ్ళి కాంక్రీటు గోడని కొడతారు. భీమిలిలో పుట్టాను. బీచిలో ఇల్లు కట్టేవాడెవడూ సముద్రానికి వీపు పెట్టి కట్టడని చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎడమ, కుడి అని చెప్పి ఉండాల్సింది. గుమ్మంలో బయటికి చూస్తూ నిలబడితే వెనక ఎడమ మూల అంటే సరిపోయేది. పొద్దుటినుంచీ ఈ ఆఫీసులో దిక్కుల మాటలు వినీ వినీ నా నోటికీ అదే వచ్చింది.

"వాయవ్యంలో తలుపుంటే దోషమా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

"కాదండీ. సిద్ధాంతి గారు అక్కడ ఉంచుకోమనే అన్నారు." ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇక్కడ మూసాకే ఆడింది కదా అని నేనే మూయించానండీ."

మళ్ళీ నంబరు తిప్పాను. చప్పుడు లేదు. శ్రీకృష్ణ తన ఫోన్నుంచి తిప్పాడు, ఆదినారాయణ గారు తన ఫోన్నుంచి తిప్పారు. సాయిశ్రీనివాస్ కూడా లేచి విశాఖ కంట్రోల్ రూముకి, కలెక్టరాఫీసుకి, తన గార్డులందరికీ వరసగా చేశాడు. నలుగురం నాలుగు ఫోన్లు చెవికి పెట్టుకుని నిలబడ్డాం. ఎవరి ఫోనులోనూ మనిషి గొంతు లేదు.

అమ్మాజీ మాత్రం బోర్డు ముందునుంచి కదల్లేదు. ఎర్ర దీపం వెలుగుతోంది, ఆరుతోంది.

"అక్కా, మనం చూస్తున్నామని దానికి తెలుస్తుందా?"

తెలుస్తుందని అబద్ధం చెప్పబోయాను. ఆమె ముఖం చూసి చెప్పలేకపోయాను. "తెలీదు అమ్మాజీ," అన్నాను.

ఆమె తలూపింది. సరిగ్గా అప్పుడు ఎర్రదాని పక్కనున్న నీలం దీపం వెలిగింది. ఎర్ర దీపం గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది.